ప్రధానదూతలును వారి పరిచర్యయు

పఠన భాగములు: దానియేలు 10:10-21, లూకా 1:5-38, యూదా 9, ప్రకటన 12:7-12



మన ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు సంఘములలో మగబిడ్డకు మిఖాయేలు అనియో గబ్రియేలు అనియో పేరు పెట్టుట మనకు అలవాటైన సంగతియే. ఆ దినమున పాటలు పాడుదుము, ప్రార్థన చేయుదుము, వచ్చినవారికి భోజనము పెట్టుదుము. కాని ఆ పేరు ఎవరిది, దాని అర్థమేమి, ఆ పేరుగల దేవదూత చేసిన పని యేమి అని ఎవరైన అడిగినచో మనలో అనేకులు తడబడుదురు.

ఇది తెలివిని పెంచుకొనుటకు మాత్రమే అడుగు ప్రశ్న కాదు. బిడ్డకు జ్వరము వచ్చిన రాత్రి, వాన పడక చేను ఎండిన యేట, ఇంటికి తాళము వేసి కూలికై దూరదేశము బయలుదేరిన దినమున, మనము ఎవరిని పిలుతుము? ఈ ప్రశ్న దీనిలో ఇమిడియున్నది. కొందరు దేవదూతలను పూర్తిగా మరచిరి. మరి కొందరు దేవుని అడుగవలసినదానిని దూతలను అడుగుచున్నారు. ఈ రెండు త్రోవలును లేఖనము చూపినవి కావు. కావున లేఖనములు ప్రధానదూతలను గూర్చి ఏమి చెప్పుచున్నవో, యూదులును క్రైస్తవులును తరతరములుగా వారిని గూర్చి ఏమి తలంచిరో ఈ నెల ధ్యానింతము.

1. మాటయొక్క అర్థము

హెబ్రీ భాషలో దూతను "మలాఖ్" అందురు. గ్రీకు భాషలో "అంగెలొస్" అందురు. రెండు మాటలకును అర్థము ఒకటే: పంపబడినవాడు, వార్త తెచ్చువాడు. ఈ మాటలు పరలోకపు దూతలకే గాక మనుష్యులకును వాడబడినవి. హగ్గయి ప్రవక్త యెహోవా దూత అనబడెను (హగ్గయి 1:13). బాప్తిస్మమిచ్చు యోహాను ప్రభువునొద్దకు పంపిన శిష్యులకును లూకా ఈ గ్రీకు మాటనే వాడెను (లూకా 7:24). అనగా దూత అనునది మొదట ఒక పనికి పేరు. పంపినవాడు లేనిదే దూత లేడు.

"ప్రధానదూత" అను మాట క్రొత్త నిబంధనలో రెండే చోట్ల కలదు. ప్రభువు దిగివచ్చునప్పుడు ప్రధానదూత శబ్దము వినబడునని పౌలు థెస్సలొనీకయులకు వ్రాసెను (1 థెస్స. 4:16); అక్కడ ఆ దూత పేరు చెప్పలేదు. యూదా తన పత్రికలో మిఖాయేలును ప్రధానదూత అని పిలిచెను (యూదా 9). పాత నిబంధనలో ఈ మాట లేదు గాని, మిఖాయేలు ప్రధానాధిపతులలో ఒకడని దానియేలు గ్రంథము తెలుపుచున్నది (దాని. 10:13).

మన అరువదియారు గ్రంథములలో పరిశుద్ధ దూతల పేర్లు రెండే చెప్పబడినవి. మిఖాయేలు పేరు అయిదు చోట్ల (దాని. 10:13, 10:21, 12:1, యూదా 9, ప్రకటన 12:7), గబ్రియేలు పేరు నాలుగు చోట్ల (దాని. 8:16, 9:21, లూకా 1:19, 1:26) కలవు. ఆదికాండము మొదలుకొని దూతలు ఎన్నిమారులు కనబడినను, దానియేలు గ్రంథమువరకు ఒక్కరి పేరైనను మనకు తెలియదు. తనతో పెనుగులాడినవాని పేరు యాకోబు అడిగెను, జవాబు దొరకలేదు (ఆది. 32:29). సమ్సోను తండ్రియైన మనోహ అడిగెను, అతనికిని పేరు తెలుపబడలేదు (న్యాయా. 13:17-18). దేవుడు మనకు చెప్పక ఉంచినదియు మన మేలుకొరకే యని దీనివలన గ్రహింపవలెను. పేరు తెలిసినవానిని పిలుచుటయు, పిలిచి వశపరచుకొన జూచుటయు మనుష్యుల స్వభావము గదా.

2. మిఖాయేలు

మిఖాయేలు అను పేరు ఒక ప్రశ్న. "దేవునివంటివాడెవడు?" అని దాని అర్థము. ఇది దూతకు ముందుగా సామాన్య మనుష్యులు పెట్టుకొనిన పేరు. కనాను దేశమును వేగుచూచుటకు మోషే పంపినవారిలో ఆషేరు గోత్రికుడైన సెతూరు తండ్రి పేరు మిఖాయేలే (సంఖ్యా. 13:13). కావున మన బిడ్డలకు ఈ పేరు పెట్టుట తగినదే. అయితే పిలిచిన ప్రతిసారియు మనము ఆ ప్రశ్న అడుగుచున్నామని జ్ఞాపకముంచుకొనవలెను.

దానియేలు 10వ అధ్యాయము చూడుడి. పారసీక రాజైన కోరెషు ఏలుబడిలో మూడవ సంవత్సరమున దానియేలు మూడు వారములు దుఃఖముతో ఉపవాసముండెను. అతడు ప్రార్థింప నారంభించిన మొదటి దినముననే అతని మాట పరలోకమున వినబడెను. కాని వార్త తెచ్చుచున్న దూతను పారసీక రాజ్యాధిపతి ఇరువదియొక్క దినములు అడ్డగించెను. అప్పుడు మిఖాయేలు సహాయమునకు వచ్చెను.

ఇక్కడ రెండు సంగతులు గమనింపుడి. మొదటిది, ఆ మూడు వారములు పైని జరుగుచున్న పోరాటమును గూర్చి దానియేలునకు ఏమియు తెలియదు. అతనికి తెలిసినది ఆకలి, కన్నీరు, జవాబులేని దినములు మాత్రమే. రెండవది, అతడు మిఖాయేలునకు ఒక్క మాటయైనను ప్రార్థింపలేదు. తన దేవుడైన యెహోవాకే ప్రార్థించెను (దాని. 9:3-4). మిఖాయేలును పంపినవాడు దేవుడు. జవాబు రాలేదు కాబట్టి దేవుడు వినలేదని తలంచు ప్రతి విశ్వాసికి ఈ అధ్యాయము గొప్ప ఆదరణ.

యూదా పత్రికలో మోషే శరీరమును గూర్చి మిఖాయేలు అపవాదితో వాదించెనని చదువుచున్నాము. ఈ వృత్తాంతము "మోషే ఆరోహణము" అను యూదుల గ్రంథములోనిదని 3వ శతాబ్దపు సంఘ పండితుడు ఓరిగెను తెలిపెను. ఆ వాదములో మిఖాయేలు తన స్వంత అధికారముతో అపవాదిని దూషింపలేదు. గద్దించు పనిని ప్రభువునకే విడిచెను. దూతలలో ప్రధానుడే ఇంత వినయముగా మాటలాడినప్పుడు, మనము ఎంత జాగ్రత్తగా మాటలాడవలెను!

ప్రకటన 12వ అధ్యాయములో మిఖాయేలును అతని దూతలును ఘటసర్పముతో యుద్ధము చేసిరి, సర్పము పడద్రోయబడెను. అయితే విశ్వాసులకు జయము ఎట్లు కలిగెనో 11వ వచనము చూడుడి. అక్కడ మిఖాయేలు ఖడ్గము ప్రస్తావన లేదు. గొఱ్ఱెపిల్ల రక్తమును, తమ సాక్ష్య వాక్యమును వారి జయమునకు కారణములని చెప్పబడెను.

మిఖాయేలు క్రీస్తుయొక్క మరియొక పేరని చెప్పువారు కలరు. కాల్విను దానియేలు 12వ అధ్యాయమునకు అట్టి భావము చెప్పెను గాని, క్రీస్తు నిత్యదేవుడని నొక్కి బోధించెను. యెహోవా సాక్షులు ఇదే పేరు ఆధారము చేసికొని, క్రీస్తు సృష్టింపబడిన ప్రధానదూత యని బోధించుచున్నారు. వీరు మన ఇండ్లకు వచ్చి మాటలాడునప్పుడు హెబ్రీ పత్రిక మొదటి అధ్యాయము తెరువుడి. కుమారుడు దూతలకంటె శ్రేష్ఠుడనియు, దూతలందరు ఆయనకు నమస్కరింపవలెననియు అది స్పష్టముగా బోధించుచున్నది.

3. గబ్రియేలు

గబ్రియేలు అనగా "దేవుడు నా బలము" లేక "దేవుని వీరుడు". లేఖనము ఇతనిని ప్రధానదూత అని ఎక్కడను పిలువలేదు. ఆ బిరుదు తరువాతి సంప్రదాయము ఇచ్చినది. ఇతడు చివరి దినమున బూర ఊదునని పలువురు తలంతురు గాని, అట్టి మాటయు లేఖనములో లేదు.

గబ్రియేలు పని వార్తను తెచ్చుట, దాని భావము తెలుపుట. దానియేలునకు దర్శన భావము తెలిపెను. దానియేలు ప్రార్థించుచుండగా సాయంకాలపు బలి అర్పించు సమయమున వచ్చెను (దాని. 9:21). ఆ కాలమున యెరూషలేము దేవాలయము పాడైయుండెను. బలి లేదు, ధూపము లేదు. అయినను ఆ ముదుసలి భక్తుడు ఆ గడియను మరువలేదు, పరలోకమును మరువలేదు. తరువాత జెకర్యా దేవాలయమున ధూపము వేయుచుండగా గబ్రియేలు మరల వచ్చెను. ఆరవ నెలలో నజరేతను చిన్న ఊరిలోని కన్యకయొద్దకు వచ్చెను.

జెకర్యాతో తన్ను గూర్చి చెప్పుకొనునప్పుడు గబ్రియేలు ఏమి చెప్పెను? తన బలము చెప్పలేదు, తన స్థానము గొప్పదని చెప్పలేదు. తాను దేవుని యెదుట నిలుచువాడననియు, పంపబడినవాడననియు చెప్పెను (లూకా 1:19). మరియ సమ్మతించిన వెంటనే అతడు ఆమెను విడిచి వెళ్లెను (లూకా 1:38). ఆ తరువాత లూకా సువార్తలో అతని పేరు మరల కనబడదు. వార్త అందిన పిమ్మట వార్తాహరుడు ప్రక్కకు తొలగును. మంచి బోధకుని గుర్తుకూడ ఇదియే.

17వ శతాబ్దమున సిద్ది మసూద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు ఆదోనిలో నేటికిని నిలిచియున్నది. ఆ పట్టణమున మన పొరుగువారైన ముస్లిము సహోదరులు గబ్రియేలును జిబ్రయీలనియు, మిఖాయేలును మీకాయీలనియు పిలుచుదురు. ఈ రెండు పేర్లును ఖురానులో కలవు. ఖురాను జిబ్రయీలు ద్వారా మహమ్మదునకు అందెనని వారి విశ్వాసము. క్రీస్తును గూర్చి మనకును వారికిని గల భేదము గొప్పది, దానిని దాచనక్కరలేదు. అయినను దూతలు దేవుని సేవకులే గాని దేవుళ్లు కారను మాట యూదులు, క్రైస్తవులు, ముస్లిములు ముగ్గురును ఒప్పుకొందురు. మర్యాదతో సంభాషణ ఆరంభించుటకు ఇది మంచి చోటు.

4. మిగిలిన పేర్లు ఎక్కడివి?

రఫాయేలు, ఊరియేలు మొదలగు పేర్లు మన బైబిలునకు వెలుపలి యూదుల గ్రంథములనుండి వచ్చినవి. దూతల పేర్లు తమ పితరులతో కూడ బబులోనునుండి వచ్చినవని యెరూషలేము తల్మూదులో రబ్బీ సిమెయోను బెన్ లాకీషు చెప్పినట్లున్నది. చెరనుండి తిరిగివచ్చిన జనము దూతలను గూర్చి మునుపటికంటె ఎక్కువగా మాటలాడెనను సంగతిని యూద బోధకులే గుర్తించిరి.

హనోకు గ్రంథము వీటిలో ముఖ్యమైనది. దీని పూర్తి ప్రతి ఇతియోపియా సంఘముయొక్క పురాతన గీజు భాషలో నిలిచెను. దాని 20వ అధ్యాయములో ఏడుగురు దూతలును, వారి పనులును చెప్పబడినవి: ఊరియేలు, రఫాయేలు, రగూయేలు, మిఖాయేలు, సరకాయేలు, గబ్రియేలు, రెమియేలు. 1947లో మృతసముద్రమునొద్ద గుహలో దొరికిన చుట్టలలో యుద్ధమును గూర్చిన చుట్ట ఒకటి కలదు. అందులో వెలుగు కుమారుల సేన తన డాళ్లమీద మిఖాయేలు, గబ్రియేలు, సరియేలు, రఫాయేలు అను నాలుగు పేర్లు వ్రాసికొనవలెనని యున్నది.

యూదుల బోధకులు ఈ దూతల పనులను విభాగించి చెప్పిరి. అబ్రాహామునొద్దకు వచ్చిన ముగ్గురిలో మిఖాయేలు శారాకు శుభవార్త తెచ్చెననియు, రఫాయేలు అబ్రాహామును స్వస్థపరచెననియు, గబ్రియేలు సొదొమను పడగొట్టుటకు వెళ్లెననియు బబులోను తల్మూదు చెప్పును. ఒక దూత రెండు పనులమీద పంపబడడనునది వారి సూత్రము. రాత్రి పండుకొనునప్పుడు భక్తిగల యూదులు చెప్పు ప్రార్థనలో కుడివైపున మిఖాయేలు, ఎడమవైపున గబ్రియేలు, ముందర ఊరియేలు, వెనుక రఫాయేలు, తలకు పైగా దేవుని సన్నిధి అను క్రమము కలదు. నలుదిక్కుల దూతలున్నను తలపైని స్థానము దేవునిదే.

మరియొక మాట యెరూషలేము తల్మూదులో కలదు. దానిని మనము మరువరాదు. మనుష్యుడు ఒక పెద్దమనిషి ఆశ్రయమున నున్నచో, ఆపద వచ్చినప్పుడు వాకిట నిలిచి, సేవకునితోనో ఇంటివానితోనో చెప్పి, లోపలికి కబురు పంపవలెను. దేవుడు అట్టివాడు కాడని ఆ బోధకులు చెప్పిరి. ఆపద వచ్చినవాడు మిఖాయేలుకు గాని గబ్రియేలుకు గాని మొఱ్ఱపెట్టక నేరుగా తనకే మొఱ్ఱపెట్టవలెననియు, తాను వెంటనే ఉత్తరమిచ్చెదననియు దేవుడే పలికినట్లుగా వారు దానిని బోధించిరి. పెద్దవారి గడపలయందును ఆఫీసుల వరండాలలోను గంటలకొలది నిలిచిన మనకు ఈ ఉపమానము వేరుగా వివరింపనక్కరలేదు.

5. రఫాయేలు: దారిలో తోడు

రఫాయేలు అనగా "దేవుడు స్వస్థపరచెను". ఇతని కథ తోబీతు గ్రంథములో కలదు. రోమను కథోలికులును ఆర్థడాక్సు సంఘములును దీనిని బైబిలులో చేర్చుకొనిరి. ప్రొటెస్టంటులమైన మనము దీనినుండి సిద్ధాంతము తీయము. నీతికొరకును మాదిరికొరకును చదువవచ్చునని సంస్కర్తలు చెప్పిరి. దీని అరామిక్, హెబ్రీ ప్రతుల ముక్కలు 1952లో మృతసముద్రపు నాలుగవ గుహలో దొరికినవి.

కథ ఇది. నీనెవెలో చెరపట్టబడి నివసించుచున్న తోబీతు చూపు పోగొట్టుకొని పేదవాడాయెను. మాదియ దేశమున ఒకనియొద్ద తాను ఉంచిన సొమ్ము తెచ్చుటకు కుమారుడైన తోబియాను పంపవలసివచ్చెను. దారి తెలిసిన తోడు కావలెను. ఒక బాటసారి దొరికెను. దినమునకు ఒక ద్రక్మ కూలి, దారిఖర్చులు అని మాట కుదిరెను. అతడే రఫాయేలు. ఇంటి కుక్కయు వారితో బయలుదేరెను. ప్రయాణము సుఖముగా ముగిసెను, తండ్రికి చూపు వచ్చెను. కృతజ్ఞతతో సొమ్ములో సగము ఇయ్యబోగా, అతడు తాను ఎవరో తెలిపి, దేవునినే స్తుతింపుడని చెప్పి వెళ్లెను.

ఈ కథ మన ప్రాంతమువారికి వెంటనే అర్థమగును. ఖరీఫు పంట ముగియగానే కోసిగి, పెద్దకడుబూరు, మంత్రాలయము, ఎమ్మిగనూరు, ఆదోని చుట్టుపట్ల పల్లెలనుండి కుటుంబములు మిరపకాయలు కోయుటకు గుంటూరువైపు బయలుదేరుచున్నవి. దీనినే మనవారు సుగ్గికి పోవుట అందురు. మరికొందరు కట్టడపు పనులకు బెంగుళూరు, హైదరాబాదు పోవుచున్నారు. ఇంటికి తాళము పడును. ముసలివారు వాకిట మిగులుదురు. పిల్లలు కొందరు బడి విడిచి తల్లిదండ్రులతో పోవుదురు. అట్టివారికి దారిలో తోడుండువాడొకడు కావలెనని ఎవరికి తోచదు? తోబీతు కథ వ్రాసినవాడు ఈ కోరికను ఎరిగియుండెను. దూతను రథముమీద గాక, దినకూలికి కుదిరిన తోటి బాటసారివలె అతడు చూపించెను.

6. సంఘచరిత్రలోని హెచ్చరిక

కోరిక మంచిదే, కాని అది త్రోవ తప్పుట సులభము. కొలొస్సయి సంఘములో కొందరు దూతలను పూజించుటలో చిక్కుకొనిరి, పౌలు వారిని హెచ్చరించెను (కొలొ. 2:18). కొలొస్సయికి సమీపముననున్న లవొదికయలో 4వ శతాబ్దమున ఒక సభ కూడెను. క్రైస్తవులు దేవుని సంఘమును విడిచి దూతలను పిలుచుచు వేరుగా కూడరాదని దాని 35వ కట్టడ. దాని వెంటనే 36వ కట్టడలో, సంఘ పరిచారకులు మంత్రములు చేయరాదు, తాయెత్తులు కట్టరాదు అని యున్నది. ఈ రెండు కట్టడలు ప్రక్కప్రక్కనుండుట ఆలోచింపదగినది. దూతల పేర్లు పిలుచుటయు తాయెత్తు కట్టుటయు ఆనాడును ఒకే వీధిలో నివసించుచుండెను. అయినను ఆ అలవాటు ఫ్రుగియలో చాలకాలము నిలిచెనని 5వ శతాబ్దపు బిషప్పు తియొదొరేతు వ్రాసెను.

అదే కాలపు మెసపొతామియ పట్టణములలో అరామిక్ భాషలో దూతల పేర్లు వ్రాసిన మట్టిగిన్నెలు ఇండ్లలో బోర్లించి పాతిపెట్టబడినవి. అవి వందలకొలది దొరికినవి. దయ్యము ఇంటిలోనికి రాకుండ పట్టుకొనుటకు వాటిని పెట్టిరి. వాకిట నిమ్మకాయ మిరపకాయలు కట్టిన ఇండ్లను ఎరిగిన మనకు ఆ గిన్నెలు పెట్టినవారి భయము క్రొత్త కాదు. భయపడినవారిని మనము నవ్వరాదు. వారి భయమును ఎక్కడికి కొనిపోవలెనో చూపవలెను.

745లో రోమాలో పోపు జకర్యా ఆధ్వర్యమున కూడిన సభ, ఆల్డెబెర్టు అనువాడు ప్రార్థనలో పిలిచిన తెలియని దూతల పేర్లను త్రోసివేసి, మిఖాయేలు, గబ్రియేలు, రఫాయేలు అను మూడు పేర్లనే ఒప్పుకొనెను. అంతకు ముందు సుమారు 500 ప్రాంతమున దియొనూసి పేరట వ్రాయబడిన గ్రంథమొకటి దూతలను తొమ్మిది వర్గములుగా అమర్చెను. అందులో ప్రధానదూతలు క్రిందినుండి రెండవ వర్గమే! లేఖనము చెప్పనిదానిని ఇంత నిశ్చయముగా చెప్పుట వ్యర్థమని కాల్విను ఖండించెను.

సంస్కర్తలు దూతలను త్రోసివేయలేదు. సెప్టెంబరు 29న మిఖాయేలు పండుగను లూథరును ఆంగ్ల సంఘమును నిలుపుకొనిరి. లూథరు 1529లో ప్రచురించిన చిన్న ప్రశ్నోత్తరిలో ఉదయ, సాయంకాల ప్రార్థనలు కలవు. వాటిలో దూత తోడుండవలెనను విన్నపము కలదు గాని, ఆ విన్నపము దూతతో గాక పరలోకపు తండ్రితో చేయబడినది. 1549 ఆంగ్ల ప్రార్థన పుస్తకములో మిఖాయేలు దినపు ప్రార్థనయు అట్లే దేవునితోనే మాటలాడును. మన పితరులు దిద్దినది ఈ ఒక్క సంగతి: ప్రార్థన ఎవరి చెవిని చేరవలెనను సంగతి.

7. మనకు పాఠములు

ఒకటి. ప్రధానదూతల పేర్లే మనకు బోధ. మిఖాయేలు: దేవునివంటివాడెవడు? గబ్రియేలు: దేవుడు నా బలము. రఫాయేలు: దేవుడు స్వస్థపరచెను. ఊరియేలు: దేవుడు నా వెలుగు. ఈ పేర్లలో దేనిని పలికినను నోట దేవుని నామమే పలుకబడును. మిఖాయేలును పూజింపబోవువానిని మిఖాయేలు పేరే నిలిపి అడుగును. పత్మాసు ద్వీపమున యోహాను దూత పాదములయెదుట రెండుమారులు సాగిలపడెను, రెండుమారులును దూత వారించి, దేవునికే నమస్కరింపుమనెను (ప్రకటన 19:10, 22:8-9). అపొస్తలునికే ఈ దిద్దుబాటు కావలసివచ్చెను గదా.

రెండు. దూతలకు మనము ఆజ్ఞలిచ్చువారము కాము. దూతలను పేరుపెట్టి పిలిచి పనికి పంపుడని బోధించువారు నేడు కలరు. దూతలు దేవుని వాక్యశబ్దము విని ఆయన ఆజ్ఞను నెరవేర్చువారని 103వ కీర్తన 20వ వచనము తెలుపుచున్నది. దూతలు కాపాడుదురను వాగ్దానమును (కీర్తన 91:11) తన యిష్టముకొలది వాడుకొనుమని ప్రభువును శోధించినవాడు ఎవడో మత్తయి 4:6 చెప్పుచున్నది.

మూడు. దూతల కాపుదల ఉన్నదని కష్టము రాదని తలంపరాదు. అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయములో పేతురును దూత చెరసాలనుండి విడిపించెను. అదే అధ్యాయపు మొదట యాకోబు ఖడ్గముతో చంపబడెను. యాకోబుకొరకు సంఘము తక్కువగా ప్రార్థించెనని లూకా చెప్పలేదు. గెత్సేమనేలో దూత వచ్చి ప్రభువును బలపరచెను (లూకా 22:43), కాని గిన్నెను తీసివేయలేదు. కోత పొలములకు పోయి, రోగముతోనో ప్రమాదమువలననో తిరిగిరాని వారి ఇండ్లు మన పల్లెలలో కలవు. ఆ ఇంటివారితో, దూత ఎందుకు రాలేదు, విశ్వాసము తక్కువైనదా అని అడుగువాడు యోబు స్నేహితుల పంక్తిలో కూర్చుండును. అట్టి ఇంటికి పోయి, మాటలాడక ప్రక్కన కూర్చుండి, బలపరచుట మేలు.

నాలుగు. చిన్నవారిని తృణీకరింపవద్దని చెప్పుచు ప్రభువు, వారి దూతలు పరలోకమున తండ్రి ముఖమును ఎల్లప్పుడు చూచుచుందురని సెలవిచ్చెను (మత్తయి 18:10). ఈ మాట మనలను ఓదార్చుటకే గాక మనలను విచారించుటకును చెప్పబడినది. మన పిల్లల లెక్క పరలోకమున చూడబడుచున్నది. బడి విడిచి మిరపచేనికి పోవు బిడ్డను, తాతయొద్ద విడువబడిన బిడ్డను మన సంఘము చూచుచున్నదా? ఆ బిడ్డకు దేవుని యెదుట నిలుచు దూత యుండగా, సంఘములో ఆ బిడ్డ పేరు తెలిసిన పెద్ద ఒక్కడైన లేకుండుట తగునా?

ఐదు. దూత అనగా పంపబడినవాడని మొదట చూచితిమి. ఆ పని మనుష్యులకును అప్పగింపబడినది. కావున ఈ యేడు సుగ్గికి కుటుంబములు బయలుదేరకముందు ప్రతి సంఘము మూడు పనులు చేయవచ్చును. బయలుదేరువారందరిని ఆదివారమున నిలువబెట్టి, పేరు పేరున దేవునికి అప్పగింపుడి. వారు పోవు ఊరిలోని సంఘకాపరికి ఒక ఉత్తరము వ్రాసి వారిచేతికి ఇయ్యుడి. ఫోను నెంబరును తీసికొనుడి. ఇండ్లలో మిగిలిన ముసలివారిని, పిల్లలను వారమునకొకసారి పోయి చూచుటకు స్త్రీల సమాజమువారిని, యౌవనస్థులను నియమింపుడి. దీనికి గొప్ప ధనము అక్కరలేదు. దేవుడు మిఖాయేలును పంపునో లేదో మనకు కనబడదు; మనలను పంపుచున్నాడని మాత్రము నిశ్చయముగా ఎరుగుదుము.

ధ్యానమునకు ప్రశ్నలు

1. దానియేలు ప్రార్థించిన ఇరువదియొక్క దినములను తలంచుకొనుడి. జవాబు ఆలస్యమైనప్పుడు మీ ఇంటిలో మొదట ఎవరియొద్దకు పోవుచున్నారు?

2. మీ ఇంటిలో దూత పేరుగల బిడ్డ యున్నచో, ఆ పేరు అర్థమును ఆ బిడ్డకు ఎప్పుడైన చెప్పితిరా?

3. మీ సంఘమునుండి ఈ యేడు కూలికి పోవు కుటుంబములు ఎన్ని? వారు పోవు ఊళ్ల పేర్లు మీకు తెలియునా?

ప్రార్థన

పరలోకమందున్న మా తండ్రీ, నీవంటివాడెవడును లేడు. నీ దూతలను నీవే సృజించితివి, నీవే పంపుచున్నావు. మా భయములో ఇతరుల గడపలకు పోకుండ, నీ కుమారుని నామమున నేరుగా నీయొద్దకు వచ్చు ధైర్యము మాకు దయచేయుము. దూరపు చేలలో పనిచేయు మా వారిని, వాకిట ఎదురుచూచు మా పెద్దలను, మా పిల్లలను నీ చేతికి అప్పగించుచున్నాము. వారియొద్దకు పంపబడుటకు మేమును సిద్ధపడునట్లు చేయుమని యేసుక్రీస్తు ప్రభువు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.